నర్సు ఖర్చు దండగన్నారు

"ఇంట్ల కోడలుండంగ నర్సెందుకురా? ఆ పైసలు జాగ మీద పెట్టు, రెండేండ్లల్ల రెట్టింపైతయి." 2024 మేలో చిన్నాన్న అన్న ఈ మాట మా ఇంటికి రెండు లక్షల పైచిలుకు ఖర్చు తెచ్చిపెట్టింది. నాన్నకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట కూడా పోయింది. ఆసుపత్రి నుంచి మా ఊరు డోర్నకల్ తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టిన వారంలోనే వచ్చిన సలహా ఇది. చిన్నాన్న చెడ్డవాడు కాదు, అన్నంటే ప్రాణం. అయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

అప్పటికి మా చేతిలో ఉన్నదేమిటో చెబుతాను. స్టేషన్ రోడ్డులోని కిరాణా కొట్టు అమ్మగా వచ్చిన 9 లక్షలను 2023 ఏప్రిల్‌లో నాన్న పేరునే పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేశాం. 8.2 శాతం. మూణ్నెల్లకోసారి 18,450, అంటే నెలకు 6,150. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 9,000. రెండూ కలిపి 15,150. ఇక ఖర్చు. మా వాడకట్టులోనే ఉండే రిటైరైన ఏఎన్ఎం ఒకామె వారానికి రెండుసార్లు వచ్చి క్యాథెటర్, డ్రెస్సింగ్ చూస్తానంది. వచ్చినప్పుడల్లా 400, నెలకు సుమారు 3,500. పగలు కనిపెట్టుకుని ఉండే మనిషికి రోజుకు 300, ఇరవయ్యారు రోజులకు 7,800. మొత్తం 11,300. మిగిలిన 3,850 డైపర్లకు, దూదికి, యూరిన్ బ్యాగులకు. నా జీతంలోంచి రూపాయి తీయనక్కర్లేదు. నా భార్య ఉద్యోగం మానక్కర్లేదు. ఈ లెక్కంతా డిశ్చార్జి కాగితం వెనకాల రాసి పెద్దలకు చూపించాను. ఆ కాగితం నా బీరువాలో భద్రంగా ఉంది.

చిన్నాన్న ఆ 11,300ను పన్నెండుతో హెచ్చవేశాడు. "లక్షా ముప్పయ్యైదు వేల ఆరు వందలు! ముసలాయనకు ఒళ్లు తుడిచేటందుకా?" అన్నాడు. ఆడపడుచులు, మేనత్తలు అందరూ తలూపారు. డబ్బిచ్చి బయటి మనిషితో కన్నతండ్రికి చాకిరీ చేయిస్తామంటే ఊళ్లో తలెత్తుకోలేమన్నారు. ఇంటి కోడలు చేస్తే మాత్రం అది ఖర్చు కాదు. ఆమె వదులుకునే తొమ్మిది వేలను ఆ గదిలో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

చివరికి పెద్దల మాటే నెగ్గింది. 2016లో మహబూబాబాద్ జిల్లా కేంద్రమయ్యాక చుట్టూ వెంచర్లు లేచాయి. వాటిలో ఒక ప్లాటు కోసం స్కీము రద్దు చేశాం. ఏడాది దాటి రెండేళ్లు నిండని ఖాతా కాబట్టి ఒకటిన్నర శాతం కోత, 13,500. చేతికొచ్చింది 8,86,500. రద్దు ఫారం మీద నాన్న సంతకం పెట్టలేడు. కుడిచెయ్యి లేవదు. చిన్నాన్నే ఎడమ బొటనవేలికి ఇంకు రాసి, కాగితం మీద పెట్టి నొక్కాడు. నాన్న నా వైపు చూశాడు. మాట రాదు కదా, ఏమనుకున్నాడో ఆయనకే తెలియాలి.

నా భార్య బడి మానేసింది. ఆమె ఎంత చేసిందో నాకు తెలుసు. కానీ పక్షవాతం మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలనీ, అదీ పూర్తిగా పక్కకు దొర్లించకుండా వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా వాల్చి ఉంచాలనీ, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. నడ్డి ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రగా కమిలితే, "ఒంటికి వేడి చేసింది, కొబ్బరినూనె రాయండి" అన్నారు చూడవచ్చిన చుట్టాలు. అది వేడి కాదు, పుండుకు తొలిమెట్టు. ముందు వస్తానన్న ఆ ఏఎన్ఎమ్మే, ఇప్పటి మా నర్సమ్మ, తర్వాత చేసి చూపించింది: ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కాలి. తెల్లబడకుండా అలాగే ఎర్రగా ఉంటే లోపల కండకు రక్తం ఆడటం లేదన్నమాట. ఆ వేలి పరీక్షకు పట్టే సమయం రెండు సెకన్లు.

డిసెంబరుకల్లా ఆ పుండు ఎముక దాకా దిగింది. చీము రక్తంలోకి పాకి జ్వరం, మగత. రాత్రికి రాత్రి ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేర్చాం. బిల్లు 2,38,000. అందులో గ్లవ్స్, ప్యాడ్లు, ఇంకా మా ఆరోగ్య బీమా పాలసీ ఒప్పుకోని సామాను 31,000. మిగిలిన 2,07,000లో సీనియర్లు తామే కట్టుకోవాల్సిన ఇరవై శాతం కోపే, 41,400. రెండూ కలిపి మా వంతు 72,400. నూటికి రెండు రూపాయల వడ్డీకి 75,000 తెచ్చాను. నెలకు 1,500.

ఇప్పుడు స్కీము రద్దు చేసినప్పటి నుంచి డిసెంబరు దాకా ఆ ఏడు నెలలకూ లెక్క కడదాం. స్కీము కోత 13,500. పోయిన వడ్డీ 43,050. నా భార్య జీతం 63,000. ఆసుపత్రికి 72,400. అప్పు మీద ఆ తర్వాత ఏడాదిలో కట్టిన వడ్డీ 18,000. వెరసి 2,09,950. అదే ఏడు నెలలు నర్సమ్మను, పగటి మనిషిని పెట్టుకుని ఉంటే 79,100. గాలి పరుపుకు 4,500 కలిపినా 83,600. తేడా 1,26,350. నా భార్య మళ్లీ మరుసటి ఏడాది జూన్‌లో గానీ బడిలో చేరలేకపోయింది. ఆ నెలలు నేనిందులో వేయనే లేదు. నాన్న పడ్డ నొప్పికి అంకె లేదు.

ఇన్సూరెన్సు ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లు పాలసీ కాగితాల్లో ఎక్స్‌క్లూజన్ కోడ్ 05 తీసి చదవండి. అన్ని కంపెనీలకూ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒకే వాక్యం ఇచ్చింది. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, లేపి నడిపించడం లాంటి సంరక్షణ నర్సు చేసినా, ఆయా చేసినా, ఇంట్లో చేసినా, నర్సింగ్ హోంలో చేసినా వర్తించదు. పుండు పడ్డాక ఐసీయూకు లక్షా అరవై అయిదు వేలిచ్చిన పాలసీ, పుండు పడకుండా చూసే మనిషికి రూపాయి ఇవ్వదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది, సంతోషమే. కానీ అదీ ఆసుపత్రి గడప లోపలి చికిత్సలకే. వికలాంగులను పోషించేవాళ్లకిచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. సదరం సర్టిఫికెట్ తెచ్చుకుంటే అర్హులైన వికలాంగులకు నెలకు 4,016 పింఛను వస్తుంది. మాకది ఆలస్యంగా తెలిసింది, ఇప్పుడు వస్తోంది.

కేరళ వాళ్లు దీన్ని కుటుంబం పరువు సమస్యగా వదిలేయలేదు. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ వాళ్లు మొదలుపెట్టిన పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులున్నవాళ్ల సంరక్షణ) పని పల్లెల్లోకి వ్యాపించి, 2008లో ప్రభుత్వ విధానమైంది. పంచాయతీలే డబ్బు పెట్టి నర్సును మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకు పంపిస్తాయి, ఇరుగుపొరుగు వాలంటీర్లు తోడు వెళతారు. మన దగ్గరా పలు జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి, అక్కణ్నుంచి ఇళ్లకు వెళ్లే 'ఆలన' వాహనాలున్నాయి. నెలనెలా బీపీ, షుగర్ బిళ్లలతో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు గడపగడపకూ తిరుగుతూనే ఉన్నారు. వాళ్లలో మండలానికి ఒకరికైనా పుండు కట్టడం, క్యాథెటర్ మార్చడం, ఇంటివాళ్లకు నేర్పడం ఒక్కటే పనిగా అప్పజెప్పాలి. డోర్నకల్ మండలంలో మా నాన్న ఒక్కడే మంచాన లేడు.

నర్సమ్మ ఇప్పుడు వారానికి రెండుసార్లు వస్తోంది. పుండు ఆరు నెలలకు పూడింది. పగలు చూసుకునే ఆమె మా ఊరి ఎపిఫనీ కెథడ్రల్ వైపు నుంచి పొద్దున్నే నడిచి వచ్చి, నాన్న లుంగీ సర్ది, రేడియో పెట్టి మరీ పని మొదలుపెడుతుంది.

ప్లాటుకు 8 లక్షల బేరం వచ్చింది. చిన్నాన్న ఇంకో రెండేళ్లు ఆగమంటున్నాడు. ఆగితే ఎంత పెరుగుతుందో ఆయన చెప్పలేడు, ఎంత పోతుందో నేను చెప్పగలను. 8 లక్షల్లో 75,000 అప్పు తీర్చేస్తే 7,25,000. అదే 8.2 శాతం లెక్కన నెలకు 4,954, మిగిలే అప్పు వడ్డీతో కలిపి 6,454. పెట్టుబడిలో 86,500 నష్టం. అయినా ఇచ్చేస్తున్నాను. వచ్చే ఆదాయంలో సుమారు 3,500కు ఖర్చు ఇప్పటికే రాసి పెట్టాను. ఇన్నాళ్లూ రాత్రిళ్లు పక్క మార్చడానికి లేస్తున్నది నా భార్యే. పొద్దున్నే బడికి వెళ్లాల్సిందీ ఆమే. రాత్రి మనిషి 400 అడిగింది. వచ్చే నెల నుంచి బుధవారం, శనివారం ఆమె వస్తుంది.