చెరువు గట్టు మీద మేము

మొన్న బడి నుంచి వచ్చి మా పిల్లాడు మంచుదేశం మనుషుల సంగతి చెప్పాడు. బయటివాళ్లు ఎస్కిమోలన్నారట గానీ, వాళ్లు తమను ఇనూట్ అనుకుంటారు. అంటే మనుషులని. కుక్కల బళ్ల మీద తిరుగుతూ సీళ్లను వేటాడుకునేవాళ్లను కెనడా సర్కారు ఒకచోట కుదుర్చుకోమంది. 1940ల్లో ఒక్కొక్కళ్లకీ ఓ నంబరు బిళ్ల ఇచ్చింది, మెడలో వేసుకోవడానికి.

"మనకి ఆ బిళ్ల కూడా ఇయ్యలేదు కదరా" అంది వాడి నాయనమ్మ. అందరం నవ్వాం. నవ్వినా మాట నిజమే. చెరువుల మీద పుట్టిన మా యానాది పిల్లలు చాలామందికి పుట్టిన కాయితం లేదు. అది లేక ఆధార్ లేదు, ఆధార్ లేక రేషన్ లేదు.

దివిసీమలో మాకు పోటు, పాటు తెలుసు. పాటు వేళ మడ అడవిలోకి దిగి, ఇనుప కొక్కెంతో పీతల్ని లాగేవాళ్లం. తిల్ల చెట్టు పాలు కంట్లో పడకుండా ఒంగి నడవడం నాలుగేళ్లకే వచ్చేది. వరి కోతలప్పుడు రైతులే కబురు పెట్టేవాళ్లు. కలుగు దగ్గర కుండలో గడ్డి మండించి పొగ ఊదితే ఎలకలు బయటికొచ్చేవి. ఎలక్కింతని కూలి, కలుగులో దాచిన వడ్లు మాకే. ఆ వడ్ల అన్నం రుచి వేరు, ఎవరేమన్నా!

1977 నవంబరు 19 ఉప్పెన మా గుడిసెల్ని ఊడ్చేసింది. అయినా మళ్లీ కాలవల మీదే బతికాం. బతుకు మార్చింది ఉప్పెన కాదు, చెరువులు. పొలాలు రొయ్యల చెరువులయ్యాయి. గుడివాడ వైపు చేపల చెరువులు. వరి లేదు కాబట్టి ఎలకల పనీ లేదు. అడ్వాన్సు తీసుకుని గట్టు మీద పాకలో కాపలా ఉంటాం. రాత్రంతా ఏరేటర్ల మోత. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు, ఈలోగా పిల్లల బడి పోతుంది. మావాడు అత్తగారింట ఉండి చదువుతున్నాడు కాబట్టి సరిపోయింది.

నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది. అనుమానం రద్దు కాలేదు. పోయిన నెల మేం కాలవలో వల వేస్తే పక్క చెరువు కాపలావాడు టార్చి వేసి "ఎవడ్రా దొంగ?" అని అరిచాడు. వాడూ మావాడే, మాకు బావ వరస. గొంతు గుర్తుపట్టి టార్చి ఆపేశాడు. "ఏం చెయ్యమంటావు బావా, అరవకపోతే నా పని పోద్ది" అన్నాడు.

బొక్కలో పీత ఉందో లేదో ఎట్టా తెలుస్తదని పిల్లాడు అడిగాడు. మడ దాకా వెళ్లాలంటే మూడు చెరువుల గేట్లు దాటాలి. నాయనమ్మ పెరట్లో నీళ్లు పోసి, బురద చేసి, వేలితో చిన్న బొక్క పెట్టింది. పుల్లతో అంచున గీతలు గీసి, "ఇట్టా కొత్త గీకుళ్లుంటే లోపలుందని" చెప్పింది. వాడు బొక్కలో చెయ్యి పెట్టబోయాడు. చటుక్కున చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.