బంతి అందిందా లేదా?

నాకు బంతి పట్టుకోవడం రాదు. నలభై దగ్గర పడ్డాక ఒప్పుకోడానికి సిగ్గెందుకు గానీ, ఆఫీసు క్రికెట్ టీంలో నన్నెప్పుడూ బంతి రాని చోటు చూసి మరీ నిలబెట్టేవాళ్ళు. అయినా రెండుసార్లు వచ్చింది. ఏమైందో చెప్పను :-)

సరే, ఇది నా గొడవ కాదు, మావాడిది. వయసు ఆరేళ్ళు, డాలస్ దగ్గర ఒక ప్రభుత్వ బడిలో కిండర్‌గార్టెన్. బడి తెరవబోయే ముందు, ఆగస్టులో, వీడికి క్రికెట్ నేర్పిద్దామని ఒక టెన్నిస్ బంతి కొన్నాను. పెరట్లో నాలుగు మీటర్ల దూరంలో నిలబెట్టి, చెయ్యి పైకెత్తి విసిరాను. మెల్లగానే వేశాననుకున్నాను. అది తిన్నగా పోయి వాడి ముక్కుకి తగిలింది. రక్తం రాలేదు గానీ చాలాసేపు ఏడ్చాడు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట: "కళ్ళు మూసుకుంటే ఎలా పట్టుకుంటావురా? బంతిని చూడాలి కదా!"

ఆ తర్వాత వాడు బంతి కనిపిస్తే చాలు, మొహం పక్కకి తిప్పేసుకోవడం మొదలెట్టాడు. పక్కింటి పిల్లలు ఆడదాం రమ్మంటే "నాకు క్యాచింగ్ రాదు" అని ముందే చెప్పేసేవాడు. ఆరేళ్ళవాడు "నాకు రాదు" అని అంత ఖాయంగా అంటుంటే కడుపులో ఎలాగో అయ్యేది.

అక్టోబర్లో వాళ్ళ జిమ్ క్లాసులో విసరడం, పట్టుకోవడం నేర్పుతున్నామనీ, సాయానికి తల్లిదండ్రులు ఎవరైనా రావచ్చనీ కబురొచ్చింది. ఇంటినుంచి పనిచేసే రోజు చూసుకుని వెళ్ళాను. బంతులు ఏరి ఇవ్వడమే కదా అనుకున్నా.

మొదటి రోజు అసలు బంతే లేదు! పల్చటి రంగురంగుల గుడ్డలు ఇచ్చారు. పైకి వేస్తే అవి తేలుతూ, తాపీగా కిందకి దిగుతాయి. పిల్లలు నవ్వుతూ పట్టుకున్నారు. మావాడు కూడా. కళ్ళు తెరిచే ఉన్నాయి! మావాడి చూపులో లోపమేమీ లేదు, నేనిచ్చిన టైమే చాలలేదని అక్కడ వెలిగింది.

ఇంటికొచ్చి లెక్క వేశాను (మనకి వేరే పనేముంది). సెకనుకి పది మీటర్ల వేగంతో వేసిన బంతి నాలుగు మీటర్లు రావడానికి 0.4 సెకన్లు. అదే కిందనుంచి, చేతికన్నా ఒక మీటరు ఎత్తు లేచేలా వేస్తే మళ్ళీ చేతి ఎత్తుకి దిగడానికి సుమారు 0.9 సెకన్లు. రెట్టింపుకన్నా ఎక్కువ. పైగా తిన్నగా మొహం మీదకి రాదు, విల్లులా వంగి చేతుల్లోకి దిగుతుంది. పిల్లలకి కింద చేత్తో విసరడం ముందు నేర్పేది ఊరికే కాదన్నమాట.

రెండో వారం గింజలు నింపిన చిన్న గుడ్డ సంచులు. పడితే దొర్లిపోవు, తగిలితే నొప్పి పుట్టదు. కుడిచేత్తో విసిరితే ఎడమకాలు ముందుకెయ్యాలి. కానీ ఈ వయసులో కుడి ఎడమలు ఎవరికి తెలుసు? టీచరమ్మ ఒక్కొక్కడి బూటు మీద ఒక స్టిక్కర్ అంటించి, "స్టిక్కర్ కాలు ముందుకి" అంది. అంతే! చెయ్యి గోడగడియారం లోలకంలా వెనక్కి పోయి ముందుకి రావాలి, వదిలాక వేళ్ళు అవతలివాడి వైపు చూపించాలి. పట్టుకునేవాడికి కూడా రెండే ముక్కలు. ఛాతీ పైకి వస్తే బొటనవేళ్ళు దగ్గరగా, నడుము కిందకి వస్తే చిటికెనవేళ్ళు దగ్గరగా. చేతులు ముందుకి చాచి, అందగానే వొంటి దగ్గరకి లాక్కోవాలి.

తర్వాత జోడీలు కట్టించింది. రెండడుగుల దూరంలో మొదలు. పట్టుకుంటే ఇద్దరూ చెరో అడుగు వెనక్కి, జారిపోతే చెరో అడుగు ముందుకి. ఒక పిల్లాడు బలం కొద్దీ విసిరి "చూశారా ఎంత దూరం పోయిందో!" అన్నాడు. ఆవిడ కోప్పడలేదు. "నీ జోడీకి అందిందా?" అని అడిగింది. ఆ రోజంతా విసిరిన ప్రతివాడికీ అదే ప్రశ్న.

ఆ ప్రశ్న నాకు సూటిగా తగిలింది, ఆగస్టులో నేను వేసిన బంతిలాగే. క్యాచ్ జారితే తప్పు పట్టుకునేవాడిదేనని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడికి గంటసేపు డిజైన్ గడగడా చెప్పేసి, వారం తర్వాత "మొన్నే చెప్పాను కదా" అని విసుక్కునేది నేనే. చెప్పడం అయితే చెప్పాను. అందిందా?

మా అమ్మ తెనాలినుంచి ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చింది. ఈ గుడ్డ సంచుల కథ విని నవ్వింది. "దీనికి క్లాసెందుకురా? మేం అచ్చనగాయలు ఆడేవాళ్ళం కాదూ?" నిజమే! ఒక కాయ పైకెగరేసి, అది కిందకి వచ్చేలోపు నేలమీదవి ఏరుకుని, మళ్ళీ దాన్ని పట్టుకోవడం. కన్నూ చెయ్యీ కలవడానికి అంతకన్నా ఏం కావాలి? ఆడపిల్లల ఆటని మేం మగపిల్లలం వేలు పెట్టలేదు. ఇక బళ్ళో డ్రిల్లు పీరియడంటారా, సిలబస్ అవలేదని లెక్కల మాస్టారు లాగేసుకునేవారు. నాకు క్యాచ్ రాకపోవడం పుట్టుకతో వచ్చిన లోపం కాదు, నాకెవరూ నేర్పలేదు, అంతే. మావాడికి లెక్కల క్లాసు, తెలుగు క్లాసు వెతికినంత శ్రద్ధగా నేనూ దీని గురించి ఆలోచించలేదు.

ఆ శనివారం అమ్మ పాత చీరముక్కతో బియ్యం పోసి నాలుగు సంచులు కుట్టింది. మావాణ్ణి పెరట్లోకి పిలిస్తే గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నాన్నా, మెల్లగా వేస్తావా?"

"మెల్లగానే వేస్తాను. ఆ రోజు గట్టిగా వేశాను, తప్పు నాదే. సారీరా."

వాడు కాసేపు ఆలోచించి, నా కాళ్ళవైపు చూసి, "స్టిక్కర్ కాలు ముందుకి పెట్టు" అన్నాడు. పెట్టాను. పదిసార్లు వేస్తే నాలుగు పట్టాడు. వాడు వేసినవి నేను ఆరు పట్టాను. జారినప్పుడల్లా మా అమ్మ అరుగు మీదనుంచి ఇద్దర్నీ కలిపి తిట్టింది :-)

ఇప్పటికీ టెన్నిస్ బంతి తీస్తే కొంచెం బెదురుతాడు. తొందరేం లేదు. దాన్ని అలమర పైన పెట్టేశాను, వాడే అడిగినప్పుడు తీద్దాం.