సౌత్ బెండ్‌లో స్టూడిబేకర్

చికాగో నుంచి ఇండియానా టోల్ రోడ్డు పట్టుకుని తూర్పుకి వెళితే రెండు గంటల్లోపే సౌత్ బెండ్ వస్తుంది. మనవాళ్లలో చాలామందికి ఈ ఊరు నోటర్ డామ్ యూనివర్సిటీ వల్లే తెలుసు. పిల్లలకి కాలేజీ చూపించడం, బంగారు గోపురం ముందు ఫొటో దిగడం, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. ఆ గోపురానికి కొద్ది మైళ్ల దూరంలోనే ఇంకో సౌత్ బెండ్ ఉంది. అది స్టూడిబేకర్ కార్ల కంపెనీ పెంచి పెద్దచేసిన ఊరు. ఆ కంపెనీ అక్కడ కార్లు చేయడం మానేసి అరవై ఏళ్లు దాటింది. అయినా అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న మనందరి రిటైర్మెంట్ డబ్బుకీ ఆ ఫ్యాక్టరీకీ ఒక ముడి ఉంది. ఆ ముడి ఏమిటో తెలియాలంటే ముందు స్టూడిబేకర్ నేషనల్ మ్యూజియంలో ఓ పూట గడపాలి.

కార్ల మ్యూజియం కదా అని లోపలికి వెళితే ముందు కనిపించేవి గుర్రబ్బళ్లు. 1852లో హెన్రీ, క్లెమెంట్ అనే అన్నదమ్ములు ఈ ఊళ్లో కమ్మరి కొలిమి పెట్టారు. పెట్టుబడి 68 డాలర్లు, రెండు జతల పనిముట్లు. మన పల్లెల్లో కమ్మరి బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించినట్టే వీళ్లూ బళ్లు బాగుచేస్తూ, కొత్తవి కడుతూ బతికారు. మూడో తమ్ముడు జాన్ మాత్రం 1853లో బంగారం కోసం కాలిఫోర్నియా వెళ్లాడు. అక్కడ ప్లాసర్‌విల్‌లో దిగాక ఆయన తవ్వింది తక్కువ, తవ్వేవాళ్లకి ఒంటిచక్రం తోపుడుబళ్లు చేసి అమ్మింది ఎక్కువ. ‘వీల్‌బారో జానీ’ అని పేరు కూడా వచ్చింది. ఐదేళ్లలో 8,000 డాలర్లు వెనకేసుకుని 1858లో ఇంటికొచ్చి, పెద్దన్న హెన్రీ వాటా కొనేశాడు. హెన్రీ అమ్మడానికి కారణం మతం. ఆ కుటుంబం యుద్ధాన్ని ఒప్పుకోని జర్మన్ బాప్టిస్టు శాఖకి చెందినది. సైన్యానికి బళ్లు చేసి అమ్మడం ఆయన మనసుకి ఎక్కలేదు. తరవాత అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యానికి బళ్లు కట్టే కంపెనీ బాగా పెరిగింది. శాక్రమెంటో, ఫోల్సమ్ వైపు ఉన్న మన కుటుంబాలు 50వ నంబరు హైవే మీద టాహో సరస్సుకి పోతూ ప్లాసర్‌విల్ దాటుతూనే ఉంటారు. జానీ కొలిమి ఉన్న చోట ఇప్పుడు చారిత్రక ఫలకం ఉంది. ఈసారి ఆగి చూడండి.

లింకన్ హత్య జరిగిన రాత్రి ఆయన్ని ఫోర్డ్ థియేటర్‌కి తీసుకెళ్లిన బండి కూడా ఈ మ్యూజియంలోనే ఉంది. అది స్టూడిబేకర్ వాళ్లు చేసింది కాదు, తరవాత సేకరించింది. పిల్లలు దాని ముందు కాస్త ఎక్కువసేపే నిలబడతారు.

ఇప్పుడు మన వీధిలో నాలుగిళ్లకి ఒక టెస్లా ఉంటోంది. స్టూడిబేకర్ అమ్మిన మొదటి కారు కూడా కరెంటు కారే. 1902 నాటి మాట. తొలి కొనుగోలుదారుల్లో థామస్ ఎడిసన్ ఒకడు. 1904లో పెట్రోలు కార్లు మొదలయ్యాయి. గుర్రబ్బళ్ల నుంచి కార్లకి మారి దశాబ్దాల పాటు నిలదొక్కుకున్న పెద్ద అమెరికన్ కంపెనీగా దీన్నే చెబుతారు. 1933లో ఆర్థిక మాంద్యం దెబ్బకి కోర్టు రిసీవర్ల చేతిలో పడింది, మళ్లీ లేచింది. రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు రెండు లక్షల మిలిటరీ ట్రక్కులు చేసింది. వాటిలో చాలావరకు సోవియట్ రష్యాకి వెళ్లాయి. కత్యూషా రాకెట్లని రష్యన్లు ఈ ట్రక్కుల మీద కూడా బిగించి పేల్చారు.

యుద్ధం అయ్యాక మిగతా కంపెనీలు పాత మోడళ్లకే మెరుగులు దిద్దుతుంటే స్టూడిబేకర్ సరికొత్త ఆకారంతో 1947 మోడల్ దింపింది. వెనక అద్దం ఎంత వెడల్పుగా, చుట్టూ తిరిగి ఉండేదంటే, కారు ముందుకి పోతోందా వెనక్కి పోతోందా అని జనం జోకులు వేసుకునేవారు. 1950లో ముక్కు మీద విమానం ముక్కులాంటి గుండ్రటి బొడిపె పెట్టారు. ఆ కాలంలో కంపెనీ ప్రకటనల్లో తరచు కనిపించిన బొమ్మ ఒకటుంది: ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్కన పనిచేస్తున్న తండ్రీ కొడుకులు. మా దగ్గర పని తరాల నాటిది, అందుకే మా కారు నమ్మకమైనది అని దాని భావం. ఊళ్లో నిజంగానే అలాంటి కుటుంబాలు చాలా ఉండేవి. ఆ బొమ్మని గుర్తుంచుకోండి.

ఈ కార్లు ఇంకా నడుపుతున్నవాళ్లని చూస్తే ముచ్చటేస్తుంది. స్టూడిబేకర్ డ్రైవర్స్ క్లబ్ 1962 నుంచి నడుస్తోంది. అంటే కంపెనీ ఇంకా కార్లు చేస్తుండగానే పుట్టి, కంపెనీ పోయాక కూడా బతికింది. వీళ్లతో మాట కలిపితే ముందు వినబడేది ‘హిల్ హోల్డర్’ గురించి. 1930ల నుంచే వచ్చిన సదుపాయం. ఎత్తు మీద బ్రేకు తొక్కి ఆపి, క్లచ్ నొక్కి ఉంచితే చాలు, బ్రేకు మీద కాలు తీసినా కారు వెనక్కి జారదు. క్లచ్ వదులుతుంటే బ్రేకూ వదులుతుంది. ఘాట్ రోడ్డు మీద బండి ఆగితే చక్రం కింద రాయి పెట్టడానికి క్లీనరు దూకడం చూసినవాళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

కష్టాలూ దాచుకోరు. ముందు ఫెండర్లు తుప్పు పడతాయి. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆగితే పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఇంజిను మొరాయిస్తుంది. 1963 మోడల్‌గా వచ్చిన ‘అవాంటి’ కారుకి తుప్పు భయం కొంత తక్కువ. రేమండ్ లోవీ బృందం గీసిన ఆ కారు ఒళ్లంతా ఫైబర్‌గ్లాసు. కాకపోతే ఆ ఒళ్లు సరిగ్గా కుదరక తయారీ ఆలస్యమైంది. ఆర్డరిచ్చిన జనం విసిగిపోయారు. మొత్తం మీద స్టూడిబేకర్ చేసినవి 5,000 కూడా దాటలేదు. కంపెనీ వదిలేశాక సౌత్ బెండ్‌లోని ఇద్దరు స్టూడిబేకర్ డీలర్లు ఆ కారు హక్కులు కొని, వేరే కంపెనీ ఇంజిను పెట్టి, అదే ఊళ్లో మళ్లీ తయారు చేయించారు. కారు మీద మమకారం అలాంటిది.

స్పేర్ పార్టులు దొరుకుతాయా అని అడిగితే యజమానులు నవ్వుతారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక మిగిలిన సరుకు దశాబ్దాల పాటు చేతులు మారుతూ వచ్చింది. దొరకనివి మళ్లీ పోత పోయించేవాళ్లున్నారు. అంతకన్నా నాకు ఆశ్చర్యం కలిగించింది మ్యూజియం వాళ్ల కాగితాల గది. కారు సీరియల్ నంబరు ఇస్తే చాలా కార్లకి అసలు ప్రొడక్షన్ ఆర్డరు నకలు తీసి ఇస్తారు. ఏ రంగు, ఏ ఇంజిను, ఏ డీలరుకి పంపారు, అన్నీ ఉంటాయి. ఒక్కమాటలో, కారు జాతకం. 70 ఏళ్ల కిందటి కారు పుట్టుక అంత భద్రంగా ఉంది.

ఆ కార్లు చేసిన మనుషుల సంగతి వేరు.

1954లో స్టూడిబేకర్, ప్యాకార్డ్ కలిశాయి. రెండు బలహీనాలు కలిస్తే బలం రాలేదు. పెద్ద కంపెనీల ధరల పోటీకి తట్టుకోలేకపోయారు. 1959లో చిన్న కారు ‘లార్క్’ బాగా అమ్ముడుపోయి ఊపిరి పోసింది గానీ, పెద్ద కంపెనీలు కూడా చిన్న కార్లు తేవడంతో ఆ ఊపిరి ఎక్కువకాలం ఆడలేదు. 1963 డిసెంబర్ 9న సౌత్ బెండ్ ఫ్యాక్టరీ మూసేస్తున్నట్టు ప్రకటించారు. క్రిస్మస్‌కి రెండు వారాల ముందు. కెనడాలోని హామిల్టన్‌లో 1966 మార్చి దాకా కార్లు చేసి, అక్కడా ఆపేశారు. ఆ చివరి కారు ఇప్పుడు మ్యూజియంలో ఉంది. కార్పొరేషన్ మాత్రం దివాలా తియ్యలేదు. వేరే వ్యాపారాలతో నడిచింది. పోయింది కార్లూ, ఉద్యోగాలూ.

ఉద్యోగాలతో పాటే పింఛను. 1950లో కంపెనీ, కార్మిక సంఘం ఒప్పందం చేసుకుని పింఛను పథకం పెట్టాయి. అంతకుముందు చేసిన సర్వీసుకి కూడా పింఛను ఇస్తామన్నారు. అయితే దానికి కావలసిన డబ్బు ఒక్కసారిగా నిధిలో వెయ్యలేదు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా జమ చేద్దామనుకున్నారు. అప్పటికి అది మామూలు పద్ధతే. ఆ గడువు మధ్యలోనే ఫ్యాక్టరీ పోయింది. ఉన్న డబ్బుని 1964లో పంచారు. అప్పటికే రిటైరైనవాళ్లకీ, 60 దాటిన అర్హులకీ పూర్తిగా వచ్చింది. 40 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండి, పదేళ్లు సర్వీసు ఉన్న నాలుగువేల మందికి రావలసినదాంట్లో సుమారు 15 శాతం చేతిలో పెట్టారు. వాళ్ల సగటు సర్వీసు ఇరవై ఏళ్లకి పైమాటే. డాలరుకి 15 సెంట్లు. నలభై నిండనివాళ్లకి సున్నా. పద్దెనిమిదో ఏట చేరి, ముప్ఫైతొమ్మిదో ఏట బయటపడినవాడికీ సున్నాయే.

ఇప్పుడు ఆ ప్రకటనలోని తండ్రీ కొడుకుల బొమ్మ గుర్తు తెచ్చుకోండి. తండ్రి అరవై దాటి ఉంటే ఆయనకి పూర్తి పింఛను. యాభై ఐదులో ఉంటే పదిహేను శాతం. పక్కన నిలబడ్డ కొడుక్కి ఏమీ లేదు. ఇద్దరూ చేసింది ఒకే కారు.

ఇందులో చట్టం మీరినవాళ్లు లేరు. అసలు చిక్కు అదే, మీరడానికి తగిన చట్టమే లేదు. ఆ తరవాత పింఛను నిధుల గురించి ఎవరు మాట్లాడినా స్టూడిబేకర్ ఉదాహరణే ముందుకొచ్చేది. పదేళ్ల వాదోపవాదాల తరవాత 1974లో లేబర్ డే రోజున అధ్యక్షుడు ఫోర్డ్ ‘ఎరిసా’ చట్టం మీద సంతకం చేశారు. పింఛను నిధిలో ఎంత జమ చెయ్యాలి, ఎన్నేళ్లకి హక్కు వస్తుంది, లెక్కలు ఎవరికి చూపాలి అన్నది అందులో ఉంది. కంపెనీ చేతులెత్తేస్తే ఒక పరిమితి దాకా పింఛను ఇచ్చే ప్రభుత్వ బీమా సంస్థ కూడా ఆ చట్టంతోనే పుట్టింది. మన ప్రైవేటు కంపెనీల 401(కె)కి ఆ బీమా వర్తించదు గానీ, మిగతా రక్షణ ఈ చట్టానిదే. ఆ డబ్బు కంపెనీ ఖాతాలో కాకుండా విడిగా ట్రస్టులో ఉండడం, మన జీతంలోంచి వేసింది మొదటి రోజు నుంచీ మనదే కావడం, కంపెనీ కలిపేదాని మీద హక్కు రావడానికి ఆరేళ్లకి మించి ఆగక్కర్లేకపోవడం, ఇవన్నీ అందులోవే.

సౌత్ బెండ్‌కి పశ్చిమాన, న్యూ కార్లైల్ దగ్గర బెండిక్స్ వుడ్స్ పార్కు ఉంది. కంపెనీ కార్లని పరీక్షించిన పాత మైదానం పక్కనే. అక్కడ 1930లలో వేల పైన్ మొక్కలు నాటి కంపెనీ పేరు రాశారు. అక్షరాల వరస అర మైలు పొడవు. నేల మీద నడిస్తే చెట్లే తప్ప అక్షరాలు కనబడవు, ఆకాశం నుంచి చూస్తేనే తెలుస్తుంది. పిల్లలకి ఫోనులో ఉపగ్రహ చిత్రం చూపించి, ఇప్పుడు మనం ఏ అక్షరంలో ఉన్నామో చెప్పమనండి, మంచి ఆట. ఊళ్లోకి తిరిగొచ్చాక క్లెమెంట్ కట్టించిన 40 గదుల రాతి భవనం చూడొచ్చు. చికాగో వైపు నుంచి వచ్చేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి: సౌత్ బెండ్ గడియారం గంట ముందుంటుంది. మ్యూజియం మూసే వేళ చూసుకుని బయలుదేరండి.

మనలో చాలామంది రెండు మూడేళ్లకోసారి ఉద్యోగం మారతాం. ఇంకో నాలుగు నెలలు ఆగితే కంపెనీ కలిపిన డబ్బు పూర్తిగా మనదయ్యేది అని మారాక తెలుసుకున్నవాళ్లు మన స్నేహితుల్లోనే ఉంటారు. ఎరిసా కిందకి వచ్చే ప్రతి ఉద్యోగికీ పథకం వివరాల పత్రం ఇచ్చి తీరాలని చట్టం చెబుతోంది. ‘సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్’ అంటారు. చేరిన వారంలో వచ్చే ఈమెయిళ్లలో అది ఎక్కడో పడి ఉంటుంది. వెతికి, ఎన్నేళ్లకి ఎంత మనదవుతుందో ఉన్న పేజీ చదవండి. అలాంటి పేజీ మన చేతికి రావడం వెనక సౌత్ బెండ్‌లో కార్లు చేసిన కొన్ని వేలమంది నష్టం ఉంది.