గ్రెప్ "లేదు" అనలేదు

మా వల్ల హాస్టల్లో ఒక తమ్ముడు ఇబ్బంది పడ్డాడు, అది చెప్పాలి.

స్కాలర్‌షిప్ కోసం కుల ధ్రువపత్రం ఇచ్చిన జూనియర్ల పేర్లు పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైల్లో పెట్టుకున్నాం. పేరు వెతకడానికి చిన్న షెల్ స్క్రిప్ట్ రాశాం: గ్రెప్ ఏమైనా ప్రింట్ చేస్తే ఉన్నట్టు, ఖాళీగా వస్తే లేనట్టు. ఎర్రర్ మెసేజ్‌లు చికాకని డెవ్ నల్‌కి తోసేశాం.

ఆ రోజు పెన్‌డ్రైవ్ మౌంటే కాలేదు. ఫైలే లేదు కాబట్టి ఔట్‌పుట్ ఖాళీ. "పత్రం ఇవ్వలేదు" అంది స్క్రిప్ట్. "ఇచ్చాను అన్నా" అని వాడు మొత్తుకున్నా మేం వినలేదు. రెండు బస్సులు మారి, గుట్టెక్కి ఊరికి పోయి మళ్లీ తెచ్చాడు. ఆఫీసుల్లో ఫైలు తెరవకుండానే "లేదు పో" అంటారని మనం తిట్టుకుంటాం కదా, మేం రాసిందీ అదే పని చేసింది.

గ్రెప్ తప్పేం లేదు. దొరికితే 0, దొరక్కపోతే 1, ఫైలు చదవలేకపోతే 2 అని ఎగ్జిట్ స్టేటస్ ఇస్తూనే ఉంది. మేమే అడగలేదు. ఇప్పుడు గ్రెప్ అవ్వగానే డాలర్ ప్రశ్నార్థకంలో ఉన్న అంకెను ఒక వేరియబుల్లో దాచుకుంటున్నాం (మధ్యలో ఒక్క ఎకో పెట్టినా అది మారిపోద్ది). తర్వాత కేస్‌లో మూడు దారులు. 2 వస్తే "పెన్‌డ్రైవ్ చూడండి" అంటుంది.

బస్ ఛార్జీలు, తమ్ముడు వద్దన్నా, జేబులో పెట్టాం.