ద్రాక్షతోటలో నతిథులు

పూర్వము తన పొలమునకు వచ్చిన చుట్టమునకు రైతు చెఱకుగడయో, జొన్నకంకియో, సీతాఫలమో చేతబెట్టి పంపెడివాడు. దానికి లెక్క లేదు, తూకము లేదు. ఇప్పుడు హైదరాబాదు నగరవాసులు కుటుంబసమేతముగా చుట్టుప్రక్కల తోటలకు పోయి, ప్రవేశరుసుము చెల్లించి, తామే పండ్లు కోసికొని, తూకము వేయించుకొని తెచ్చుకొనుచున్నారు. వెల యిచ్చి లోనికి వచ్చినవాడు అతిథి యగునా, కొనుగోలుదారు డగునా? ఈ సందేహము మన పెద్దలకు కలుగలేదు గాని, నాకు మార్చి నెలలో నొక ద్రాక్షతోటలో కలిగినది. అచ్చట గృహస్థులు జనుల నెట్లు ఆదరించిరో, జనులు తా మెట్లు నడచుకొనిరో చదువరులకు విన్నవింతును.

మా అన్నగారు మాదాపురమున నివసింతురు. ఒకప్పుడు బండలును తుప్పలును నిండిన ఆ ప్రాంతమున 1992వ సంవత్సరమున శిల్పారామము వెలసినది. 1998 నవంబరు నెలలో సైబర్ టవర్సు అను గుండ్రని సౌధము ప్రారంభింపబడినది. ఆ పిమ్మట వచ్చిన అద్దాల మేడలకు లెక్క లేదు. శిల్పారామములో పల్లెబ్రతుకును చూపు ప్రదర్శనశాల యొకటి కలదు. అందు వృత్తిపనివారి బొమ్మలు నిలువెత్తున నిలిపియున్నవి. ఎనిమిదేండ్ల మా అన్నకూతురు వానిని చూచి, "చిన్నాన్నా, వీరు నిజముగా ఎక్కడ నుందురు?" అని యడిగినది. దానికి బొమ్మలయొద్ద నిలిచి చెప్పదగిన సమాధానము నాకు తోచలేదు. ఆ శనివారమే బయలుదేరితిమి.

నగరమును చుట్టియున్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద గచ్చిబౌలి నుండి శామీర్‌పేట దిక్కునకు పోయితిమి. హైదరాబాదునకు ద్రాక్ష క్రొత్తది కాదు. తోటల పెద్దలు నేటికిని గొప్పగా చెప్పుకొను అనాబె షాహి యను రకము ఈ నగరము పేరుతోడనే దేశమున ప్రసిద్ధి కెక్కినది. షాహి యనగా రాజసంబంధమైనది. నగరము పెరిగిన కొలదిని ఆ తోటలు పెక్కు ఇండ్ల స్థలములైనవి. మేము చూచిన తోటకు ఆనుకొనియున్న చేనిలో తీగెలకు బదులు తెల్లసున్నము పూసిన హద్దురాళ్లు వరుసగా నుండెను.

తోట యొక ముదుసలి దంపతులది. గుమ్మమునొద్ద తాత రుసుము పుచ్చుకొని, కత్తెరయు బుట్టయు ఇచ్చెను. కోడలు డబ్బు లెక్క చూచెను. తూకపుబల్లయొద్ద అవ్వ కూర్చుండెను. మనుమలిద్దరు వచ్చినవారివెంట పందిళ్ల క్రింద తిరుగుచుండిరి. చెట్టునీడను త్రాగునీటి కుండలు, ప్రక్కగా శుభ్రమైన మరుగుదొడ్డి యుండెను. ఇది చిన్న సంగతి యని కొందరు నవ్వవచ్చును. స్త్రీలను పిల్లలను వెంటబెట్టుకొని ప్రయాణము చేసినవారు నవ్వరు.

మాకు తోడువచ్చిన బాలుడు పదునాలుగేండ్లవాడు. గుత్తిని లాగవద్దనియు, కాడను కత్తిరింపవలెననియు, గింజలను వ్రేళ్లతో నలుపరాదనియు ముందే చెప్పెను. పండ్లపై బూడిదవంటి తెల్లని పొర చూచి మా వదినగారు, "ఇది పురుగుమందా?" అని యనుమానించిరి. అది పండు తనంత తానే పుట్టించుకొను మైనపుపొర యని, తేమ ఆరిపోకుండ కాపాడునని యా బాలుడు చెప్పెను. అంతటితో ఊరకుండిన సరిపోయెడిది, కాని వాడు, "మందు గూడ కొడ్తం అమ్మా. కోతకు ముందే ఆపినం. అయినా కడిగి తినుండ్రి" అని కలిపెను. ఆ రెండవమాట వలననే మొదటిమాటను మేము నమ్మితిమి. పెద్ద పెద్ద అంగళ్లలో మెడపట్టీలు కట్టుకొని నిలుచు విక్రేతలు సహిత మింత సూటిగా చెప్పగా నేను వినలేదు.

తగవు తూకపుబల్లయొద్ద వచ్చినది. ఒక పెద్దమనిషి తన పిల్లలతో రెండు బుట్టలనిండ గుత్తులు తెచ్చెను. ఒక గింజ నోటవేసికొని మొగము చిట్లించి, "ఇవి పులుపు. మా కక్కరలేదు" అని బుట్టను బల్లమీదనే విడిచెను. అవ్వ గుత్తులను తిరుగవేసి చూచి, "కోసినంక పండది బిడ్డా. మామిడికాయ లెక్క గాదు" అనెను. ఆమె చెప్పినది శాస్త్రసమ్మతమే. మామిడి, అరటి కోసిన పిమ్మట మాగును. ద్రాక్ష తీగెమీద నెంత తీపెక్కునో అంతియే. పందిరిమీద మరి కొన్ని దినము లున్నచో మధురమయ్యెడి ఆ గుత్తులు ఇక నెవ్వరికిని పనికిరావు. పెద్దమనిషి తాను రుసుము చెల్లించితి ననియు, తనకు ముందుగా నెవరును చెప్పలేదనియు గట్టిగా పలికెను. వెనుక వరుసలో నిలిచినవారు విసుగుకొనుచుండిరి. చిన్న కుమారుడు ఏడ్పు మొదలిడెను.

అవ్వ పచ్చిగుత్తులను వేరుచేసి బల్లక్రింద నుంచి, పండినవానిని మాత్రమే తూచెను. పిల్లవాని చేతికి తన గంపలోని తియ్యని గుత్తి నొకటి యిచ్చెను. దానికి వెల కట్టలేదు. కోడలి మొగము ఎఱ్ఱబడినది.

జనము పలుచబడిన పిమ్మట నేనీ సంగతి యెత్తితిని. "పోరడు ఏడ్సుకుంట పోతే మల్ల రాడు గద" అని అవ్వ నవ్వెను. కోడలు మాత్రము, "గిట్ల దినాం ఇచ్చుకుంట పోతే మనకేం మిగుల్తది?" అనెను. నా మనస్సు కోడలివైపునకే కొంత మొగ్గినది. అయినను పెద్దమనిషి మాట పూర్తిగా అబద్ధము కాదు. మనుమ లిద్దరే, వచ్చిన కుటుంబములు పదికి మించెను. ఆయన వెంట నెవరును పోలేదు. పండినగుత్తిని గుర్తింప నేర్పు మనిషి యొకడు వరుస మొదట నుండినయెడల తీగెయు దక్కును, గౌరవమును దక్కును. తాతకు ఈ మాట చెప్పగా, కూలి పెట్టుటకు లెక్క చాలదనెను. సరకును మండికి తోలుటకంటె తోటలోనే అమ్మిన నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుననియు, అందువలననే ప్రక్క చేనివలె తమది రాళ్లు పాతించుకొనలేదనియు చెప్పెను. స్థలముల బేరగాండ్రు ఇప్పటికిని వచ్చుచునే యున్నారట.

జనమును కాచియుంచుట యెంత కష్టమో యెఱిగిన వేరొక కుటుంబము కథ నాకు జ్ఞప్తికి వచ్చినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున వాల్టర్ నాట్ అను రైతు బాటప్రక్కను బెఱ్ఱీపండ్ల నమ్ముచుండెను. 1934 జూన్ నెలలో ఆయన భార్య కార్డీలియా తన పెండ్లినాటి పింగాణీ పళ్లెములలో నెనమండ్రకు కోడికూర భోజనము వడ్డించినది. ఆ రుచి విని జనులు బారులు తీరిరి. కాచుకొనువారికి ప్రొద్దుపోవుటకై 1940 ప్రాంతమున వాల్టర్ పాతకాలపు పట్టణమువంటి దానిని కట్టించెను. నేడది పెద్ద వినోదవనము, పండ్లతోట లేదు. అతిథుల కొఱకు చేసిన ఏర్పాటు తోటనే మ్రింగినది. మన అవ్వ యింటికి ఆ భాగ్యము పట్టునో లేదో గాని, పట్టవలెనని నేను కోరుకొనలేదు.

సెలవు తీసికొనునపుడు మా బాలిక, "మరల ఎప్పుడు రావలెను?" అని యడిగినది. కోత ముగియగానే ఏప్రిల్‌లో తీగెలను మోడుగా కత్తిరింతురనియు, అక్టోబరులో మరల కత్తిరించినగాని కాయ పట్టదనియు తాత చెప్పెను. అప్పుడు చూడదలచిన రుసుము లేదట. ఏప్రిల్‌లో నొక శనివారము మరల పోయితిమి. మేము తప్ప సందర్శకులు లేరు. తాతయు మనుమలును పందిరి క్రింద కొమ్మలు నరుకుచుండిరి. కోడలు వానిని మోపులు కట్టుచుండెను. అవ్వ మాకు మజ్జిగ యిచ్చినది. మా బాలిక మధ్యాహ్నము వరకు కొమ్మలు మోసినది.