బెంచీ మీద మూడేళ్లు

2005 ఏప్రిల్. న్యూయార్క్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకుంటున్నాయి. మొదటి పిలుపు అలెక్స్ స్మిత్‌కి. మరో క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రోడ్జర్స్ కెమెరాల ముందే గంటల తరబడి కూర్చున్నాడు. అతని వంతు వచ్చేసరికి 23 పేర్లు అయిపోయాయి!

క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టుకి మెదడు. బంతి అందుకున్న రెండుమూడు సెకన్లలోనే, మీదికి దూకే భారీకాయుల్ని తప్పించుకుంటూ, ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. కాలేజీ ఆటలో ఉండే తీరిక ఇక్కడ దొరకదు.

స్మిత్‌ని 21 ఏళ్లకే మైదానంలోకి తోశారు. తొలి ఏడాది టచ్‌డౌన్ పాస్ ఒక్కటే, ప్రత్యర్థుల చేతికి చిక్కినవి 11. పైగా దాదాపు ఏటా ఓ కొత్త కోచ్, మళ్లీ మొదటి నుంచీ పాఠం. పాపం, కుదురుకోవడానికి 2011 దాకా పట్టింది. ఈలోగా 'పనికిరాడు' అన్నారంతా. ఆ మాట అనాల్సింది అతన్నేనా మరి?

రోడ్జర్స్ చేరిన గ్రీన్‌బేలో అప్పటికే బ్రెట్ ఫావ్ర్ లాంటి దిగ్గజం ఉన్నాడు. మూడేళ్లు బెంచీయే గతి. 2008లో అవకాశమొస్తే 16 ఆటల్లో 10 ఓటములు. అయినా జట్టు అతన్ని మార్చలేదు. 2011 ఫిబ్రవరిలో పిట్స్‌బర్గ్‌పై 31-25తో సూపర్‌బౌల్ గెలిపించాడు.

2020లో అదే జట్టు జోర్డాన్ లవ్ అనే కుర్రాణ్ని తెచ్చి, రోడ్జర్స్ వెనక దాదాపు మూడేళ్లు కూర్చోబెట్టింది.