సీసాలు తెచ్చారా?

"ఇంటి దగ్గర ఏం మందు వేశారమ్మా?" అని అడిగితే చాలామంది తల్లులు "జ్వరం మందేనండి" అంటారు. ఎంత వేశారంటే "ఒక మూత". ఎన్నిసార్లని అడిగేలోపే నాయనమ్మ అందుకుని "ఒళ్లు కాలినప్పుడల్లా పోస్తూనే ఉన్నాం బాబూ" అంటుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కేస్ షీట్‌లో రాసుకోవడానికి మాత్రం ఏమీ దొరకదు. అందుకని మా వార్డులో "సీసాలు తెచ్చారా?" అని అడగడం అలవాటు చేశాను. తేకపోతే తండ్రినో మేనమామనో ఇంటికి పరిగెత్తిస్తాను. ఫోన్‌లో ఫొటో పంపినా సరే, లేబుల్ కనబడాలి.

ఏడాది దాటిన ఒక పాప జ్వరం, వాంతులతో వచ్చింది. బరువు పది కిలోలు. క్యారీబ్యాగ్‌లోంచి మూడు మందులు బయటికొచ్చాయి: ఒకటి చుక్కల మందు, ఒకటి 250 సిరప్, ఇంకోటి జలుబు సిరప్. పేర్లు వేరు, కంపెనీలు వేరు, మూడింట్లోనూ పారాసిటమాల్ ఉంది. కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన ఆ పాపకి ఒక మోతాదు 150. చుక్కల మందులో ఒక్క ఎం.ఎల్.కే 100 మిల్లీగ్రాములుంటాయి కాబట్టి ఒకటిన్నర ఎం.ఎల్. చాలు. సిరప్ మీది అంకె ఐదు ఎం.ఎల్.కి లెక్క, కాబట్టి 250 సిరప్ అయితే మూడు, 125 సిరప్ అయితే ఆరు. డ్రాపర్ ఎక్కడో పడిపోతే తల్లి సిరప్ మూతతో చుక్కల మందు కొలిచింది. ఐదు ఎం.ఎల్., అంటే ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు! అలా రెండు రోజులు. ఈలోపు క్యాజువాలిటీలో జ్వరం చూసి పారాసిటమాల్ ఇంజెక్షన్ రాసేశారు కూడా. సిస్టర్ దాన్ని సెలైన్ స్టాండుకి తగిలించబోతుండగా ఆపాం. లివర్ పరీక్షలకి రక్తం పంపి, విరుగుడు ఎసిటైల్ సిస్టీన్ మొదలుపెట్టాం. పాప కోలుకుంది.

బంధువులంతా ఆ తల్లి మీద పడ్డారు. నాకైతే ఆమె మీద కోపం రాలేదు. ఒకే మందుని ఇన్ని గాఢతల్లో, ఒకేలాంటి అట్టపెట్టెల్లో అమ్ముతూ, బలాన్ని చీమ తలకాయంత అక్షరాల్లో వేసేవాళ్లని కదా అనాలి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్లలోపు పిల్లలకి వాడకూడదని లేబుల్ మీద వేయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. మంచిదే. చదివేవాళ్లకి కనబడాలి మరి.

కొన్ని సీసాలు సంచిలో ఉన్నా బయటికి రావు. వేరే ఆస్పత్రి నుంచి నిమోనియాతో ఎనిమిదేళ్ల అమ్మాయిని మా దగ్గరకి పంపారు. మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ నడుస్తోంది. వచ్చిన రాత్రే ఫిట్స్. పాత జబ్బులేమీ లేవని కాగితాల్లో ఉంది. తల్లిని వరండాలోకి పిలిచి విడిగా అడిగితే అప్పుడు చెప్పింది, మూడేళ్లుగా ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ వాడుతున్నారని. "ఆడపిల్ల సార్, నలుగురిలో ఎలా చెప్పమంటారు?" సీసా బట్టల కింద దాచుకుని, ఆస్పత్రిలోనూ రెండు పూటలా మరిచిపోకుండా పోస్తూనే ఉంది. అయినా ఫిట్స్ ఎందుకొచ్చాయి? మెరోపెనెమ్ పడితే రక్తంలో వాల్‌ప్రోయేట్ మట్టం ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది, మోతాదు పెంచినా పెద్దగా లాభముండదు. యాంటీబయాటిక్ మార్చి, లెవెటిరాసెటమ్ కలిపాక అమ్మాయి కుదుటపడింది. ఆ మొదటి ఆస్పత్రి వాళ్లూ అడిగే ఉంటారు, కాకపోతే పక్క మంచాలవాళ్లంతా వింటుండగా అడిగి ఉంటారు. వార్డు మధ్యలో నిలబడి అడిగితే ఫిట్స్ సంగతి ఏ తల్లి చెబుతుంది?

ఇక బరువు. పిల్లల మందులు చాలావరకు కిలోల లెక్క మీదే నడుస్తాయి కదా, ఆ కిలోలేమో "సంక్రాంతికి అంగన్‌వాడీలో పన్నెండు ఉన్నాడండి" అంటూ వస్తాయి. నేను ఒప్పుకోను. రాత్రి రెండింటికి చేరినా, ఏడ్చినా, తూచాల్సిందే. 5 కిలోలైతే 5 అనే రాయాలి, 5.0 అని రాస్తే చుక్క చెరిగి 50 అవుతుంది. అర కిలో ఉంటే ముందు సున్నా పెట్టి 0.5 అని రాయాలి. ఇన్సులిన్, పొటాషియం లాంటివైతే ఇద్దరు సిస్టర్లు ఒకరి కాగితం ఒకరు చూడకుండా లెక్క కట్టాలి. లెక్కలు కలవకపోతే సిరంజి ట్రేలోనే ఉంటుంది.

చంకదిగని పిల్లల్ని తల్లితో పాటు తూచి, తల్లి బరువు తీసేస్తాం. సెలైన్ సూది కదలకుండా చేతికి కట్టిన అట్ట బరువు కూడా తీసేయాలంటుంది మా పెద్ద సిస్టర్, వంద గ్రాములు. అంతుండదని నేనంటాను. ఈ పేచీ ఇంకా తేలలేదు.